వెనక నుంచి పిలిచిన మాట

ఇది నేను ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. పిల్లలకు మాటలు నేర్పే చోట పనిచేసినంత కాలం హాజరు పుస్తకంలో వేలిముద్రే వేశాను. పని మానేశాక, మా బోయిగూడ బస్తీలో సాయంత్రం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. 'క' ఎలా ఉంటుందో కంటికి తెలిసేది. పలక మీద పెట్టబోతే చెయ్యి ఎటో పోయేది. పక్కన కూర్చున్నామె చూసి, "ఏంది యాదమ్మా, జిలేబీ చుడుతున్నవా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ, మనసు మాత్రం మా క్లినిక్‌లో అద్దం ముందు కూర్చున్న పిల్లల మీదికి పోయేది. తెలిసింది చేతి దాకా రాకపోవడం నాకు ఈ వయసులో కొత్త. వాళ్ళకు నోటితో రోజూ అదే పని.

ఇన్నాళ్ళకు చెయ్యి కుదిరింది కాబట్టి, వాళ్ళలో ఒక పిల్ల గురించి రాస్తున్నాను.

రెండువేల నాలుగో సంవత్సరం వానాకాలంలో నన్ను లాస్య దగ్గర వేశారు. మా క్లినిక్ రాంగోపాల్‌పేట్‌లో, నీళ్ళ మోటార్లు అమ్మే దుకాణం పై అంతస్తులో ఉండేది. కింద మోటారు పరీక్షిస్తే పైన మాకు నేల అదిరేది. క్లినిక్ వసుంధర మేడమ్‌ది. ఆమె స్పీచ్ థెరపీ చదువుకున్న మనిషి. పిల్లను పరీక్షించడం, ఏ మాట నేర్పాలో, ఏ పద్ధతిలో నేర్పాలో నిర్ణయించడం ఆమె పని. నేను మొదట ఆయాగా చేరాను. బొమ్మలు కడగడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని తిప్పడం నా పని. కొన్నేళ్ళకు మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పి, సహాయకురాలిని చేసింది. సహాయకురాలంటే, మేడమ్ చెప్పిన మాటను చెప్పిన పద్ధతిలో పిల్లతో మళ్ళీ మళ్ళీ అనిపించాలి. ఆ విడతల్ని మేము రౌండ్లు అనేవాళ్ళం. పిల్ల ఎలా చేసిందో సాయంత్రం నోటితో చెబితే మేడమ్ రాసుకునేది. సొంతంగా పద్ధతి మార్చే హక్కు నాకు లేదు. తల్లిదండ్రులకు మాత్రం నేను చివరి దాకా ఆయానే.

లాస్యకు నాలుగేళ్ళు నిండలేదు. చెవి బాగా వినేది. చెప్పిందంతా అర్థమయ్యేది. నవ్వు గట్టిగా వచ్చేది. నాలుకలో, పెదవుల్లో లోపం లేదు. మాట అనబోతే మాత్రం నోరు తెరుచుకుని, మూసుకుని, పెదవులు చీకట్లో తాళంచెవి కోసం తడుముకున్నట్టు తడుముకునేవి. ఒక్కోరోజు ఆటలో దానంతటది "బా" అనేది. ఏదీ, మళ్ళీ అనమంటే ఆ "బా" ఎక్కడికి పోయిందో దానికే తెలిసేది కాదు. దీన్ని అప్రాక్సియా అంటారని మేడమ్ చెప్పింది. మాట తలలో ఉంటుంది, నోరూ బాగానే ఉంటుంది, ఏది ముందు కదలాలి, ఏది తర్వాత కదలాలి అన్న వరుస మాత్రం కుదరదు. కొందరు తల్లులు పిల్లల చేత బెలూన్లు ఊదించేవాళ్ళు, ఈలలు వేయించేవాళ్ళు. బలం లేక కాదు కాబట్టి ఊదుడుతో మాట రాదని మేడమ్ మాన్పించేది. మాట వచ్చేది మాటను అనడంతోనే. కొద్ది కొద్దిగా, చాలాసార్లు, పిల్ల అలసిపోక ముందే ఆపుతూ అనిపించాలి.

లాస్య వాళ్ళది విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. బోయిగూడలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తులో ఉండేవాళ్ళు. తండ్రి మందుల కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగేవాడు. తల్లి సునీత మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ రోజుల్లో అటువైపు కొత్త కొత్త కంపెనీలు వచ్చాయి. చీకటిపడే వేళకు మా బస్తీ సందుల్లోకి కూడా కంపెనీ కార్లు వచ్చి హారన్ కొట్టేవి. అమెరికా వాళ్ళు లేచే వేళకు సునీత పని మొదలు, తెల్లారాక ఇంటికి రావడం. అందుకని ఉదయం పూట పిల్లను నానమ్మే ఆటోలో తీసుకొచ్చేది. ఆమె పేరు పైడమ్మ.

మొదటి రోజు మాత్రం సునీత వచ్చింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏ మాట ముందు కావాలని మేడమ్ అడిగింది.

"ఇంకేం మాట మేడమ్. అమ్మా అంటే చాలు. దసరా వెళ్ళాక నన్ను చెన్నై ప్రాజెక్టులో వేస్తున్నారు, ఆరు నెలలు. వెళ్ళేలోపు ఒక్కసారి పిలిపించండి."

పైడమ్మ పక్కనుంచి, "వస కూడా రోజూ నాకిత్తన్నాం అమ్మా. ఊరినించి తెచ్చిన వస" అంది. వస మానేయమని మేడమ్ నెమ్మదిగా చెప్పింది. "మా ఇంట్లో అందరికీ అదే పోసినారు, ఒక్కరి నోరూ మూతపడనేదు" అని ఆమె గొణిగింది. సునీత నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆ అత్తా కోడళ్ళకు ఒకరంటే ఒకరికి ఇష్టమేనని నాకు అప్పుడే అర్థమైంది.

మేడమ్ 'అమ్మ'నే మొదటి మాటగా పెట్టుకుంది. సునీత ఫొటో ఒకటి అద్దం పైన అతికించాం. పద్ధతి ఇది. పిల్లకు ఎదురుగా, దాని కళ్ళ ఎత్తుకు సరిగ్గా కూర్చోవాలి. మొదట ఇద్దరం కలిసి, మెల్లగా సాగదీసి అనాలి. కుదిరితే, నేను గొంతు తీసేసి పెదవులు మాత్రమే కదపాలి. అదీ కుదిరితే నేను అన్నాక పిల్ల అనాలి. తర్వాత నేను అన్నాక కాసేపు ఆగి అనాలి. ఎక్కడ తప్పితే అక్కడి నుంచి ఒక మెట్టు కిందికి దిగాలి. 'మ' దగ్గర పెదవులు కలవకపోతే బొటనవేలు, చూపుడువేలుతో అలా తాకి కలపాలి. ఈ తాకడం రోజు రోజుకీ తగ్గించాలి. లేకపోతే మాట మన వేలికే అంటుకుని ఉండిపోతుందని మేడమ్ అనేది.

ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది. కలిసి అంటే లాస్య "అమ్" దాకా వచ్చేది. వేలు తీస్తే పోయేది. అద్దం పైన ఫొటోను చూపుడువేలితో తాకేది, నా ముఖం చూసేది, నోరు తెరిచేది, పెదవులు తడుముకునేవి. చివరికి నా మోకాలి మీద తల వాల్చేది. ఇంటి దగ్గర సునీత మధ్యాహ్నం నిద్ర లేవగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మా అను, ఒక్కసారి, అమ్మా" అని అడిగేదట. అడిగేకొద్దీ రాదు, అడగొద్దని మేడమ్ ఎన్నోసార్లు చెప్పింది. "తెలుసండీ, కానీ నోరు ఊరుకోదు" అనేది సునీత. పక్కింటి ఆమె ఒకసారి, మీ పాప నిన్న వరండాలో అమ్మా అన్నట్టు వినిపించింది అని చెప్పిందట. సునీత ఆ రోజు సెలవు పెట్టి పొద్దస్తమానం వరండాలో కూర్చుంది. ఏమీ వినపడలేదు.

వాళ్ళ ఇల్లు నేను ఇంటికి పోయే దారిలోనే. ఇంట్లో రౌండ్లు ఎలా జరుగుతున్నాయో చూసి రమ్మని మేడమ్ నన్ను పంపింది. నేను మెట్లెక్కేసరికి కింద కంపెనీ కారు హారన్ కొట్టింది. సునీత బ్యాగు తగిలించుకుని, చెప్పులు వేసుకుని గడప దాటింది. లాస్య లోపలి గది నుంచి పరుగెత్తుకొచ్చింది. గడప దగ్గర ఆగి చెయ్యి చాచింది. నేను నోటినే చూశాను, అది నా వృత్తి అలవాటు. దవడ కిందికి దిగింది, నాలుక పైపళ్ళ వెనక్కి చేరింది, గొంతు మొదలైంది. తడుముకోవడం లేదు. క్లినిక్‌లో నేను ఎన్నడూ చూడని నోరది.

అంతలో పైడమ్మ వెనక నుంచి వచ్చి అరచేత్తో ఆ నోరు మూసి, పిల్లను చంకనేసుకుంది. "ఎనకనించి పిలవకూడదే గుంటా. అమ్మ పనికెల్తంది." సునీత వెనక్కి తిరగకుండానే మెట్లు దిగింది. లాస్య చెయ్యి మాత్రం కాసేపు అలాగే చాచి ఉంది.

"రోజూ గిట్లనే చేస్తరా పెద్దమ్మా?" అని అడిగాను.

"రోజూ ఇదే గోల. కారు సప్పుడింటే సాలు, ఉరుకుతాది. నోరు ముయ్యకపోతే అరుత్తాది."

"పిలిస్తే ఏమైతది?"

ఆమె పిల్లను దించి, కొంగుతో దాని ముఖం తుడిచింది. "మా ఆయన జూట్ మిల్లుకి ఎల్తన్నపుడు అన్నం డబ్బా మరిసిపోనాడని ఎనకనించి పిలిసినాను. తీసుకుని ఎల్లిపోనాడు. ఆ పూటే మిషన్లో సెయ్యి పడిపోనాది. మరి పిలవమంటావేటి?"

ఈ పట్టింపు మా ఇళ్ళలోనూ ఉంది. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌కు బయలుదేరితే నేనూ వెనక నుంచి పిలిచేదాన్ని కాదు. ఆయన పోయాక పిలవకుండా ఆగాల్సిన పని కూడా లేకుండా పోయింది. అందుకే ఒకటే అడిగాను. "మరి పొరపాటున పిలిస్తే మీ తాన ఏం చేస్తరు?"

"ఏటి సేత్తారు, ఎనక్కొచ్చి కూకొని, గుక్కెడు నీలు తాగి మల్లీ ఎల్తారు. దోషం పోతాది. ఆయన కూకోనేదు, అదే నా బాద."

"మా తాన సుత గంతే" అన్నాను.

మర్నాడు మేడమ్‌కు చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను, నోరు ఎలా కదిలిందో చేసి చూపించాను. మేడమ్ ఆ కదలికను తన నోటితో చేసి చూసుకుంది. తర్వాత, "అది 'అమ్మ' అనబోవడం లేదు యాదమ్మా. పెదవులు కలవలేదన్నావు కదా. నాలుక పైకెళ్ళింది. రమ్మంటోంది. 'దా' అంటోంది" అంది. అద్దం పైనుంచి సునీత ఫొటో తీసి సొరుగులో పెట్టింది. 'అమ్మ' మనం వినాలనుకున్న మాట, పిల్లకు రోజూ అవసరమయ్యేది ఇంకొకటి, ఆ అవసరం వచ్చే చోటే దాని నోరు మూస్తున్నారు అని చెప్పింది. నోరు తడుముకునే పిల్లకు ఒకే మాటను చాలాసార్లు, నిజంగా పని ఉన్నప్పుడు అనే అవకాశం కావాలి. వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళడమంటే అంతకంటే మంచి రౌండు మనం కల్పించలేమని మేడమ్ లెక్క.

సునీతను, పైడమ్మను కలిపి పిలిపించింది. సునీతకు నచ్చలేదు.

"దా ఏమిటండీ? ఆటోవాణ్ణి పిలిచినా దా అనే అంటాం."

"ఆటో వస్తుంది కదా. ఈ పిల్ల పిలిస్తే ఇంతవరకు ఎవరూ రాలేదు" అంది మేడమ్.

సునీత తలవంచుకుని చాలాసేపు బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. దసరా ఎంతో దూరం లేదు. 'అమ్మ'ను పక్కన పెడితే వెళ్ళేలోపు వినలేనని ఆమెకు తెలుసు. చివరికి, "సరే మేడమ్. మీరు చెప్పినట్టే కానివ్వండి" అంది. పైడమ్మను ఒప్పించడానికి అంతసేపు పట్టలేదు. "పిలిసిన పెతీసారి కూకోవాల. నీలు తాగాల. నిలబడి తాగితే ఒప్పుకోను" అంది. మేడమ్ ఆ షరతును తన కాగితంలో రాసుకుంది.

క్లినిక్‌లో పొద్దున 'దా' షురూ చేశాం. బొమ్మను తలుపు చాటున పెట్టేదాన్ని. కలిసి "దా" అంటే బొమ్మ వచ్చేది. తర్వాత నా గొంతు తీసేశాను. గడ్డం కింద వేలితో తాకి నాలుకకు దారి చూపేదాన్ని, అదీ మెల్లగా మానేశాను. బంతి, బొమ్మ, నేను, మేడమ్, ఎవరిని పిలిచినా రావాలి. మిఠాయిలు లేవు, చప్పట్లు లేవు, భేష్ అనడం లేదు. మాట ఏ పని అడిగిందో ఆ పని జరగాలి, అంతే. ఇంట్లో సునీత కారు వచ్చే వేళకు చాలా ముందే తయారయ్యేది. గడప పక్కన స్టూలు, దాని మీద చెంబు, గ్లాసు. పైడమ్మ తన చేతుల్ని తనే నమ్మలేక కొంగులో చుట్టుకుని నిలబడేది.

మొదట్లో చెయ్యి చాచడమే. సునీత దానికీ వెనక్కొచ్చేది. తర్వాత గొంతు వచ్చింది, ఆకారం లేని గొంతు. దానికీ వచ్చింది. కింద నుంచి కారు డ్రైవర్, "మేడమ్, ఇయ్యాల ఎన్ని గ్లాసులైనయి? ట్రాఫిక్ల ఆపుమంటె నేనాప" అని అరిచేవాడు. పైడమ్మ వరండాలోంచి, "నీకూ ఓ గ్లాసు కావాలేటి?" అనేది.

ఒక సాయంత్రం, వాన వెలిసి మెట్లు తడిగా ఉన్నాయి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. సునీత సగం మెట్లు దిగింది. లాస్య గడప మీద నిలబడి చెయ్యి చాచలేదు. దవడ దిగింది, నాలుక పైకి చేరింది, ఒకసారి జారింది, మళ్ళీ చేరింది. "ద... దా."

సునీత ఆగింది. మేము నేర్పిన నియమం, పిల్లను మెచ్చుకోకూడదు, మళ్ళీ అనమని అడగకూడదు, రమ్మంది కాబట్టి రావాలి. ఆమె నియమం తప్పలేదు. మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నీళ్ళు తాగింది. గ్లాసు ఖాళీ అయినా చాలాసేపు దాన్ని ముఖానికి అడ్డంగా పట్టుకునే ఉంది. లాస్య ఆమె మోకాళ్ళ మధ్యకు వచ్చి నిలబడి, గ్లాసు లోపలికి తొంగి చూసింది.

అప్పటి నుంచి ఆ మాట పోలేదు. కొన్ని రోజులు "తా" అయ్యేది, కొన్ని రోజులు "దే" అయ్యేది. అలా మారడం ఈ పిల్లల్లో మామూలే. పిల్లిని పిలిచింది, పాలబ్బాయిని పిలిచింది, ఒకసారి క్లినిక్ కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సును పిలిచింది. 'అమ్మ' మాత్రం రాలేదు. సునీత అడగడం మానేసింది. మానేసిందని నేను మెచ్చుకున్నాను గానీ, క్లినిక్‌కు వచ్చినప్పుడు అద్దం పైన ఫొటో తీసేసిన చోట ఆమె చూపు ఆగడం చూశాను.

దసరా వెళ్ళింది. చెన్నై రైలు సాయంత్రం. పైడమ్మ ఒక్కతే ఉంటుందని నేను వెళ్ళాను. సునీత సూట్‌కేసు కిందికి పంపి, గడప దాటింది. లాస్య "దా" అంది. వచ్చింది, కూర్చుంది, తాగింది. మళ్ళీ దాటింది. "దా." మళ్ళీ వచ్చింది. అలా ఎన్నిసార్లో. చెంబు ఖాళీ అయితే నేను నింపాను. చివరికి పైడమ్మే, "ఎల్లమ్మా, బేగి ఎల్లు, రైలందదు" అని, కొంగులోంచి చేతులు తీసి పిల్లను పట్టుకుంది. నోరు మాత్రం మూయలేదు. సునీత మెట్లు దిగుతుంటే వెనక నుంచి "దా" అని వినిపించింది. స్పష్టంగా, మా అందరి నోళ్ళలో ఎలా ఉంటుందో అలా. ఆమె రెయిలింగ్ పట్టుకుని కాస్త ఆగింది. తిరగలేదు. కారు తలుపు పడింది.

లాస్య ఇంకా పిలుస్తూనే ఉంది. పైడమ్మ స్టూలు మీద తనే కూలబడి, కోడలి బదులు తనే నీళ్ళు తాగింది.

ఆరు నెలల తర్వాత ప్రాజెక్టు పొడిగించడంతో వాళ్ళు కుటుంబమంతా చెన్నై వెళ్ళిపోయారు. 'అమ్మ' అక్కడే వచ్చిందని మేడమ్‌కు ఫోన్ చేశారట. నేను వినలేదు. మేడమ్ క్లినిక్ మూసేసి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు లాస్య పెద్దదై ఉంటుంది. ఎక్కడ ఉందో, ఎలా మాట్లాడుతుందో నాకు తెలియదు. సాయంత్రం సందులో కారు హారన్ వినిపిస్తే ఇప్పటికీ ఆ గడప వైపు చెవి పోతుంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. పిల్లకు పని చేసిపెట్టే మాటను ముందు నేర్పాలి. ఆ మాట పుట్టే చోటు ఇంట్లో వెతకాలి, ఇంటి పట్టింపులతో పోట్లాడకుండా వెతకాలి. పిల్ల పిలిచినప్పుడు ఎవరో ఒకరు రావాలి. ఎవరూ రాకపోతే, ఎంత కష్టపడి తెచ్చిన మాటైనా నిలబడుతుందని చెప్పలేం.

రైలు వెళ్ళిన మర్నాడు ఉదయం నేను నేరుగా క్లినిక్‌కు పోకుండా వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల పాలు తాగుతోంది. దాని తల నిమిరి, పైడమ్మకు చెప్పి, గడప దాటి మెట్లు దిగడం మొదలుపెట్టాను. వెనక నుంచి "దా" అంది. నేను వెనక్కి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను, నీళ్ళు తాగాను.